సత్యమ్మ దాచిన రెండు నంబర్లు

వనపర్తిలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ కాలేజీ. రెండో అంతస్తులో, మెట్లెక్కగానే కుడిచేతి వైపు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్. ఆ ల్యాబ్‌కి లెక్చరర్లు వచ్చారు, పోయారు. ఫ్యాన్లు మారాయి. ఒక ఏడాది వానకు పైకప్పు కూడా సగం మారింది. ఇరవై రెండేళ్లుగా మారనిది ఒక్క సత్యమ్మే. కాగితాల మీద ఆమె ల్యాబ్ అటెండర్. కాగితాల బయట ఆమె చెప్పిందే చట్టం. చెప్పులు విప్పనిదే గడప దాటనివ్వదు. సాంబారు తిన్న చేత్తో వైరు ముట్టుకుంటే వాసన పట్టి మరీ వెనక్కి పంపుతుంది. ఆమె ముక్కు మీద కోపం ఉంటుందని పిల్లలంటారు గానీ అది నిజం కాదు, ఆ కోపం ముఖమంతా ఉంటుంది.

ఆమె పుట్టింది అయిజ పక్క పల్లెలో. పన్నెండేళ్ల వయసు నుంచి గద్వాల చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో క్రాసింగు పని చేసింది. సాయంత్రం పూట మొగ్గను గోటితో సుతారంగా ఒలిచి పుప్పొడి కాడలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. గోరు కొంచెం లోతుగా దిగిందా, మొగ్గ రాలిపోతుంది, మేస్త్రి నోరు లేస్తుంది. అలా చిన్నవాటిని భద్రంగా ముట్టుకోవడం, వీలైతే అసలు ముట్టుకోకుండా ఉండటం ఆమె చేతులకు అలవాటైపోయింది. చిన్నయ్యను చేసుకుని వనపర్తి వచ్చాక, అతను మార్కెట్ యార్డులో హమాలీగా కుదిరితే, ఆమె ఈ కాలేజీలో ఊడ్చే పనికి చేరింది. ఊడుస్తూనే ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసైంది. మేనేజ్‌మెంటు వాళ్లు మెచ్చుకుని ల్యాబ్ తాళాలు చేతికిచ్చారు. ఆ తాళాల గుత్తి ఆనాటి నుంచి ఆమె నడుము దిగలేదు.

ఆమె ల్యాబ్‌లోకి వచ్చిన మరుసటి ఏడే ఆ పెట్టె వచ్చింది.

కరెంటు కంటికి కనిపించేది కాదు గదా, దాని ఊపును తెర మీద గీతగా గీసి చూపించే యంత్రం అది. పుస్తకాల్లో ఆసిలోస్కోప్ అంటారు. మన కాలేజీలన్నిటిలో ఎందుకో సీఆర్వో అనే పిలుస్తారు, కొత్తదైనా పాతదైనా. హైదరాబాదులో ఏదో కంపెనీ కొత్తవి కొనుక్కుని, ఈ పాత డిజిటల్‌దాన్ని కాలేజీకి దానంగా ఇచ్చింది. పాతదంటే తీసిపారేసేది కాదు. సిమెంటు బస్తా అంత బరువు, ముందు వైపు ఎన్ని బటన్లో! ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద పెడితే బల్ల ఉలిక్కిపడింది. అప్పటి ప్రిన్సిపాల్ వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, "సత్తెమ్మా, ఇది మస్తు ఖరీదైంది. జర పైలం" అన్నాడు. ఆయన ఆ మాట అని మూడు నెలలకే వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

పైలంగా చూడటమంటే ఏమిటో సత్యమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె పెట్టె ముందు కూర్చుని ఆ ముఖాన్ని ఒక పూటంతా పరిశీలించింది. కింద వరసగా నాలుగు గుండ్రటి సాకెట్లు ఉన్నాయి. మొదటి రెండింటికి 1, 2 అని నంబర్లు. తర్వాతి రెండింటికి నంబర్లు లేవు. ఆక్స్ 1, ఆక్స్ 2 అని ఉంది. అంటే ఏమిటని ఒక లెక్చరర్‌ను అడిగితే, "అదనపువి సత్యమ్మా, ఎక్స్‌ట్రా" అని తొందరలో చెప్పి వెళ్లిపోయాడు. అంతే, ఆమెకు లెక్క తెలిసిపోయింది. ఏ ఇంట్లోనైనా మంచి గ్లాసులు చుట్టాలకు ఉంటాయి, సొట్టపడినవి ఇంటివాళ్లకు ఉంటాయి. ఒకటి, రెండు నంబర్లు మంచివి. ఆక్స్ రెండూ రోజువారీవి.

కాలేజీ ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి పట్టీ తెచ్చి, ఒకటి, రెండు నంబర్ల సాకెట్లకు నోరు మూసి అంటించింది. పిల్లలందరూ ఆక్స్‌లోనే వైరు పెట్టాలని శాసనం చేసింది. ఆ మంచివి ఎవరికోసమని అడిగితే, "పెద్ద సార్లొస్తే" అనేది. పెద్ద సార్లు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవారు. పెట్టెను దూరం నుంచి చూసి, "బాగుంది, ఇంత పాతది కూడా మెరుస్తుంది" అని మిఠాయి తిని వెళ్లేవారు. ఏటా దసరాకి ఆయుధపూజ నాడు సత్యమ్మ పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టి, పాత పట్టీ మీదనే కొత్త పట్టీ వేసేది. మొన్నటి దసరాకి ఇరవై ఒక్క పొరలయ్యాయి. ఒకసారి చిన్నయ్య కాలేజీకి వచ్చి ఈ పూజ చూసి, "గా డబ్బకు పెట్టిన బొట్టు నాకెప్పుడన్న పెట్టినవా?" అని అడిగాడు. "నువ్వెప్పుడన్న గింత సప్పుడు చేయకుండ కూసున్నవా?" అంది సత్యమ్మ.

మరి ఇన్నేళ్లు పిల్లలు ప్రయోగాలు ఎలా చేశారు? ఇది అడగవలసిన ప్రశ్నే గానీ ఆ కాలేజీలో ఎవరూ అడగలేదు. నాలుగో ప్రయోగం యాంప్లిఫయర్. చిన్న అలను లోపలికి పంపితే పెద్ద అలై బయటికి రావాలి, రెండింటినీ తెర మీద చూసి కొలవాలి. పిల్లలు ఆక్స్‌లో వైరు పెట్టేవారు. లోపలికి పంపే అల తెర మీద అడ్డంగా గీసిన గీతలా కదలకుండా పడుకునేది. బయటికి వచ్చేదేమో ఒకసారి తెర దాటి పైకీ కిందికీ పొర్లిపోయేది, మీట తిప్పితే ఒక్కసారిగా చిన్న గుబ్బగా ముడుచుకుపోయేది. నడుమ ఏమీ ఉండేది కాదు. పిల్లలు తలలు గోక్కుని, రెండువేల ఐదులో ఎవరో ర్యాంకు పిల్ల రాసిపోయిన రికార్డులోంచి అంకెలు ఎక్కించుకునేవారు. ఆ పిల్ల వాటిని ఎక్కడినుంచి తెచ్చిందో దేవుడికే తెలియాలి. ఇరవై బ్యాచ్‌ల రికార్డుల్లో నాలుగో ప్రయోగం జవాబు పాయింటు తర్వాత రెండో అంకె దాకా ఒకటే. లెక్చరర్లు టిక్కు పెట్టేవారు. కళ్లు మూసుకుని పెట్టినా ఆ టిక్కు సరిగ్గానే పడేది.

ఈ ఏడాది జూలైలో సుప్రియ మేడం వచ్చేదాకా ఇలాగే నడిచింది. ఆమెది అచ్చంపేట, ఇరవై ఏడేళ్లుంటాయి, మనిషి నెమ్మదస్తురాలు. కానీ ఒక చెడ్డ అలవాటు ఉంది, ఏ ప్రయోగమైనా పిల్లలకంటే ముందు తను చేసి చూస్తుంది. మొదటి రోజే పట్టీలు చూసి, "ఇవేంటమ్మా?" అని అడిగింది.

"ఆ రెండు ముట్టకుండ్రి మేడం" అంది సత్యమ్మ.

"ఓహో" అంది సుప్రియ. పట్టీ వేసిన చోట దెబ్బ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె కూడా ఆ రెండూ పాడైపోయాయని అనుకుంది. మిగిలిన ఆక్స్‌లో వైరు పెట్టింది. గీత చచ్చిన పాములా పడుకుంది. మీట తిప్పితే పొర్లడం, ముడుచుకోవడం. వారం రోజులు తంటాలు పడింది, తల ప్రాణం తోకకొచ్చింది. కడపటికి అవి కూడా పాడైపోయాయని తేల్చుకుంది. పాత సామాను లిస్టు పంపమని ఆఫీసు వాళ్లు అడిగినప్పుడు, విరిగిన కుర్చీల కింద, కాలిపోయిన స్టెబిలైజర్ పక్కన ఒక వరస రాసింది: పాత ఆసిలోస్కోప్ ఒకటి, నాలుగు ఛానెళ్లూ పనిచేయవు, కండెమ్ చేయవచ్చు.

గురువారం మధ్యాహ్నం ఆ లిస్టు జిరాక్స్ తీసుకురమ్మని సత్యమ్మకే ఇచ్చారు. ఆమెకు ఇంగ్లీషు పేపరు చదవడం రాదు గానీ ఇంగ్లీషు సామాన్ల పేర్లన్నీ వచ్చు. మెట్ల మీద నిలబడి చదివింది. జిరాక్స్ సంగతి మరిచిపోయి అదే కాగితంతో గిర్రున తిరిగి ల్యాబ్‌కి వచ్చింది.

"మేడం, ఏంది ఇది? నా సీఆర్వో ఖరాబైందని రాసిండ్రా?"

"అవునమ్మా. నాలుగూ పోయాయి కదా. శనివారం కమిటీ వస్తది. సంతకాలైతే అదే రోజు తుక్కు బండిలో పంపిస్తరు."

"నాలుగా? ఒకటి, రెండు నంబర్లను ఎవ్వరు ముట్టనే లేదు! ముట్టనియి ఎట్ల ఖరాబైతయ్?"

సుప్రియ చేతిలో పెన్ను ఆగిపోయింది. "ముట్టలేదా? మరి ఆ పట్టీలు?"

"మంచియని వేసిన."

సుప్రియ నోరు వెళ్లబెట్టింది. తర్వాత లేచి పెట్టె దగ్గరికి వెళ్లి, వేలితో ఆ పట్టీ అంచు పట్టుకుంది. సత్యమ్మ చెయ్యి టక్కున అడ్డం వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెలియదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరి చెయ్యి అటు పోయినా అడ్డం వెళ్లిన చెయ్యి అది, ఎవరినీ అడిగి కదలదు.

"ఆక్స్‌లే బాగు చేపిస్త మేడం" అంది గొంతు తగ్గించి. "అవి బాగైతే చాలు గదా. లిస్టులకెంచి తీసేస్తరు గదా. రేపు గౌస్ భాయ్‌ని తోలుకొస్త."

సంవత్సరం తిరిగితే ఆమె రిటైరవుతుంది. స్టాకు రిజిస్టరులో ఆ పెట్టెకు ఎదురుగా, భద్రపరచువారు అనే గడిలో ఉన్నది ఆమె పేరే. తనకంటూ ఈ కాలేజీలో మిగిలేది అదొక్కటే. ఆ పెట్టె తుక్కు బండి ఎక్కితే పక్కనున్న పేరు ఏమవుతుంది? మెట్లు దిగుతున్నంతసేపూ సత్యమ్మకు ఇదే ఆలోచన. ఏడుపు వచ్చింది, కానీ మెట్ల మీద పిల్లలు ఉన్నారని వాళ్లను తిట్టి సరిపెట్టుకుంది.

గౌస్ పాషాకు పాత బస్టాండు దగ్గర దుకాణం ఉంది. యాంప్లిఫయర్లు, మైకు సెట్లు రిపేరు చేస్తాడు. మసీదు మైకు, చర్చి మైకు, గణేశ్ మండపాల మైకులు అన్నీ ఆయన బల్ల మీదే పక్కపక్కన పడి ఉంటాయి. నలభై ఏళ్ల అనుభవం, ఎంత మాట్లాడితే అంత పని చేస్తాడు. శుక్రవారం నమాజు అయ్యాక టోపీ జేబులో పెట్టుకుని సత్యమ్మ వెంట వచ్చాడు. చెప్పులు విప్పి, చెయ్యి తుడుచుకుని, పెట్టెను చూసి సలాం చేసినంత పని చేశాడు.

"అరె సత్తెమ్మక్కా, ఇంత పెద్ద మిషిన్ ఉంచుకుని నాకిన్నేండ్లు చెప్పలే!"

"చెప్తే ఏం జేస్తవ్, విప్పుతవ్. ముందు వీటిని చూడు. గీతే రాదు."

ఆయన ఆక్స్ 1లో వైరు పెట్టాడు. మీట తిప్పాడు. కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. కళ్లద్దాలు పైకి జరుపుకుని తెర మూలకున్న అంకె చదివాడు. తర్వాత జేబులోంచి టార్చిలైటు తీసి, దాంట్లోని రెండు సెల్లులు బయటికి లాగి, ఒకదాని వెనక ఒకటి పట్టుకుని వైరు కొసలు తాకించాడు. తెర మీద గీత ఎగిరి, రెండు సెల్లుల మూడు వోల్టులకు సరిగ్గా మూడు గళ్లు పైకెక్కి కూర్చుంది. సెల్లులు తీస్తే దిగింది, పెడితే ఎక్కింది.

"ఖరాబ్ గాలే" అన్నాడు. "మంచిగ పని చేస్తుంది. దీని తయారే గంతే."

"అంటే?"

"అక్కా, నీ ఇంట్ల బియ్యం కొలిచేతందుకు గిద్ద ఉంటది, సోల ఉంటది, తవ్వ ఉంటది, మానిక ఉంటది. ఉంటయా?"

"ఉంటయ్."

"వీటికి గన్ని లెవ్వు. మూడే కొలతలు ఇచ్చిండ్రు. ఒకటి చిన్నది, ఇంకోటి దానికి పదింతలు, ఇంకోటి దానికి గూడ పదింతలు. నడుమ ఏం లెవ్వు. పిల్లలు పోసేది చిటికెడు గింజలు. చిన్న కొలతల గూడ అడుగున అంటుకుని కనబడయ్. అందుకే గీత పండుకుంటుంది. బయటికొచ్చేదేమో చిన్నదాంట్ల పొర్లుతది, పెద్దదాంట్ల అడుగుకు పడుతది."

సత్యమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుప్రియ పక్క బల్ల దగ్గర రికార్డులు దిద్దుతున్నట్టు కూర్చుంది గానీ పెన్ను కదలడం లేదు.

"మరి గిట్లాంటియి ఎందుకు పెట్టిండ్రు?" అంది సత్యమ్మ కోపంగా. "మూడు కొలతలు ఇచ్చి ఏం జేసుకోమని?"

"తోడుకు పెట్టిండ్రక్కా. పెద్ద పెద్ద సిగ్నల్ ఉంటయ్, అయిదు వోల్టులు, పది వోల్టులు. గయి ఎంత ఉంటయో ముందే తెలుసు, కొలిచే పని లేదు. ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు పడుతుంది అని చూస్తే చాలు. గందుకు ఇవి. అసలు కొలత కావాల్నంటే అగో, గా పట్టీలు వేసినవి. వాటికి అన్ని కొలతలుంటయ్."

అంటే ఇరవై బ్యాచ్‌ల పిల్లలు గీత కనపడక తలలు గోక్కున్నది యంత్రం తప్పు కాదు, పిల్లల తప్పు కాదు. ఇది సత్యమ్మకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకు ఆమెకు గౌస్ పాషా మీద మహా కోపం వచ్చింది.

"తీయమంటవా అక్కా?" అన్నాడు ఆయన పట్టీ వైపు చూపించి.

"వద్దు."

"రేపు తుక్కుల పోతదంటివి. పోయినంక ఇంకెవలకు దాస్తవ్?"

గౌస్ పాషా సెల్లులు టార్చిలో వేసుకుంటూ ఇంకో మాట అన్నాడు. ఆ మాట అనకపోతే ఆమె ఆ రాత్రి కొంచెమైనా నిద్రపోయేది. "ఇంకోటి. తీసినా పని చేస్తయని నేను చెప్పలే. వాడే మిషిన్ కంటే వాడని మిషిన్ జల్ది ఖరాబైతది. ఇరవై ఏండ్లు గాలి తగలని సాకెట్. లోపల ఏమున్నదో అల్లాకే ఎరుక."

ఇంటికి వెళ్లాక చిన్నయ్య అన్నం పెట్టమన్నాడు. పెట్టింది. కూర వేయడం మరిచిపోయింది. చిన్నయ్య ముప్పై ఐదేళ్ల కాపురంలో నేర్చుకున్న తెలివితో, కూర లేకుండానే తిని లేచాడు.

శనివారం పదకొండు గంటలకు కమిటీ వచ్చింది. ప్రిన్సిపాల్ జయపాల్, మెకానికల్ హెచ్‌ఓడీ, హైదరాబాదు నుంచి మేనేజ్‌మెంటు పంపిన ఒక ఇంజనీరు. తుక్కు తీసుకుపోయే టెంపో అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంది. కిటికీలోంచి చూస్తే దాని వెనక భాగం కనిపిస్తుంది, అందులో విరిగిన కుర్చీలు కాళ్లు పైకి పెట్టుకుని ఉన్నాయి. ఇంజనీరు లిస్టు పట్టుకుని ఒక్కొక్కటే టిక్కు కొడుతూ వచ్చాడు. కాలిన స్టెబిలైజర్, టిక్కు. తుప్పు పట్టిన రాక్, టిక్కు. పెట్టె ముందుకు వచ్చి ఆగాడు.

"నాలుగు ఛానెళ్లూ పోయాయి. అంతేనా మేడం?"

సుప్రియ సత్యమ్మ వైపు చూసింది. ఆమె నిజం చెప్పడానికే నోరు తెరిచింది. చెబితే సత్యమ్మ పేరు వస్తుందని తెలిసి ఆగింది. సత్యమ్మ తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుంది.

"పోలేదు సార్" అంది. "నేను మూసిన."

"నువ్వు మూశావా? ఎందుకు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"మంచియి గదా సార్. మంచియి దినాం వాడుతరా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ జయపాల్ గారింట్లో సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు నాలుగేళ్లయినా తీయలేదు, ఎండాకాలం లేస్తుంటే ఒంటికి అతుక్కుని చప్పుడు చేస్తుంది. మెకానికల్ హెచ్‌ఓడీ కారు సీట్లదీ అదే కథ. ఇంజనీరు తన ఫోను వైపు చూసుకున్నాడు, దానికి ఒక గాజు, గాజు మీద ఒక కవరు, కవరు మీద ఒక సంచి ఉన్నాయి.

"సరే, తీసి చూపించండి" అన్నాడు ఇంజనీరు. "పని చేస్తే లిస్టులోంచి తీసేస్తాను. లేదంటే బండి ఎక్కుతుంది."

పట్టీ ఊడలేదు. ఇరవై ఒక్క దసరాలు కలిసి చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. సుప్రియ కత్తెర తెచ్చింది. "ఇటియ్యుండ్రి మేడం" అని సత్యమ్మ తీసుకుంది. అంచున కత్తెర మొన దూర్చి, మొగ్గ ఒలిచినంత సుతారంగా లేపింది. ఒకటో నంబరు బయటపడింది. నిన్ననే కొని తెచ్చినట్టు తళతళలాడుతోంది. ఆక్స్ సాకెట్లేమో వేల చేతులు తగిలి నల్లబడి ఉన్నాయి. సుప్రియ వైరు బిగించి, చిటికెడంత అలను లోపలికి పంపింది.

తెర మీద గీత పడుకుని ఉంది.

"చూశారా" అన్నాడు ఇంజనీరు, పెన్ను మూత తీస్తూ.

సత్యమ్మకు గౌస్ పాషా మాట చెవిలో మోగింది. ఈ చేతులతోనే చంపుకున్నానా దీన్ని? కానీ కొలతల సంగతి కూడా అదే గౌస్ పాషా చెప్పాడు. "మేడం, ఇప్పుడు ఏ కొలత ఉన్నది?" అంది.

"పది వోల్టులు. అన్నిటికంటే పెద్దది."

"దానికి అన్ని ఉన్నయన్నడు గదా. తిప్పుండ్రి."

సుప్రియ తిప్పింది. అయిదు వోల్టులు. గీత పడుకునే ఉంది. రెండు. ఒకటి. "తిప్పుండ్రి" అంది సత్యమ్మ. అర వోల్టు. మెకానికల్ హెచ్‌ఓడీ ఆవలించాడు. ఇంకా కిందికి. నూరు మిల్లీవోల్టుల దగ్గర, ఆక్స్‌కు ఉన్న అన్నిటికంటే చిన్న కొలత దగ్గర, గీత ఇన్నేళ్లు ఉన్నట్టే ఉంది. "తిప్పుండ్రి మేడం, ఆగకుండ్రి." యాభై. గీత కొంచెం వణికింది. ఇరవై. గీతకు గూని వచ్చింది. పది. సత్యమ్మ బల్లకు ఆనుకుంది. అయిదు.

అల లేచింది. తెరలో సగం నిండా, నున్నగా, పైకెక్కి దిగి మళ్లీ ఎక్కుతూ లేచింది. అయితే ఒక్కచోట నిలవడం లేదు. కుడికి జారుతోంది, ఎడమకు జారుతోంది, రెండై కనిపిస్తోంది, నాలుగై కనిపిస్తోంది. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "ట్రిగర్ దొరకట్లేదు, గీత ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలియట్లేదు. నిలవకపోతే కొలిచేదెలా?"

సుప్రియ బటన్లు నొక్కుతోంది, నుదుటి మీద చెమట పట్టింది. సత్యమ్మ అల వైపు చూస్తూ, "పెద్దదేదన్న ఉంటే ఆక్స్‌కు ఇయ్యుమన్నడు గౌస్ భాయ్" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "కొలిచేటందుకు గాదు, ఎప్పుడు లేస్తదో చూసేటందుకన్నడు."

సుప్రియ చటుక్కున తలెత్తింది. "జనరేటర్!" అంది. అలను పుట్టించే ఆ జనరేటర్‌కే పక్కన ఇంకో సాకెట్ ఉంది. అల మొదలైన ప్రతిసారీ అక్కడ అయిదు వోల్టుల దెబ్బ ఒకటి బయటికి వస్తుంది. దాన్ని తెచ్చి ఆక్స్ 1కి కలిపింది. ఆ దెబ్బ పడినప్పుడే గీత మొదలుపెట్టమని యంత్రానికి చెప్పింది. అటూ ఇటూ పరిగెత్తుతున్న అల ఠక్కున ఆగింది. గోడకు వేసిన ముగ్గులా నిలబడింది. నాలుగు గళ్ల ఎత్తు, వెంట్రుకంత కూడా తేడా లేదు. సుప్రియ ఆగలేక రెండో నంబరు పట్టీ కూడా కత్తిరించి బయటికి వచ్చే అలను దానికి ఇచ్చింది. అదీ లేచింది, అదీ నిలిచింది. రెండూ ఒకదాని కింద ఒకటి.

"పాతవాటి పనితనమే వేరు" అన్నాడు ఇంజనీరు. లిస్టులో ఆ వరస మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం చేశాడు. కింద టెంపోవాడు హారన్ కొట్టాడు. ప్రిన్సిపాల్ కిటికీలోంచి చెయ్యి ఊపి, ఇక పొమ్మన్నాడు.

గండం గడిచింది కాబట్టి సత్యమ్మ నవ్వుతుందని అందరూ అనుకున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"ఏమైందమ్మా?" అంది సుప్రియ భయపడి.

"ఇరవై ఒక్క ఏండ్లు దుమ్ము తుడిసిన మేడం దీనికి. గిది గిట్ల గీస్తదని నేనే చూడలే. గీత పండుకుంటే, దీని పనే గంత గావచ్చు అనుకున్న." ముక్కు ఎగబీల్చింది. "నా కండ్ల ముందర నుంచి ఎంత మంది పిల్లలు పోయిండ్రు. ఒక్కళ్లకన్న చూపియ్యకపోతిని."

"నేను కూడా అడగలేదు కదా" అంది సుప్రియ. "పట్టీ చూసి పోయిందనుకున్న." అని కుర్చీలోంచి లేచి, కుర్చీ ఆమె వైపు జరిపింది.

సత్యమ్మ కూర్చుంది. లెక్చరర్ల కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదలు, కానీ ఆ సంగతి ఆమెకు గుర్తులేదు. ఒకటో నంబరు మీటను రెండు వేళ్లతో పట్టుకుని ఒక మెట్టు తిప్పింది. అల పెరిగింది. ఇంకో మెట్టు, ఇంకా పెరిగింది. వెనక్కి తిప్పింది, తగ్గింది. ఒకటి, రెండు, మూడు అని పెదవుల మీదే లెక్కపెడుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. పదమూడు. నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.

కమిటీ వాళ్లు కాగితాలు సర్దుకున్నారు. ఎండలో వచ్చిన మనుషులు, పొద్దుననగా టిఫిన్ చేశారు. "సత్తెమ్మా, సార్లకు చాయ్ చెప్పి రా" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఆగుండ్రి సార్, చూస్తున్న గదా" అంది సత్యమ్మ, తెర మీంచి కళ్లు తీయకుండా.

ప్రిన్సిపాల్ జయపాల్ ఒక క్షణం నిలబడి చూశాడు. తర్వాత, గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు వేసుకుని, చాయ్ చెప్పడానికి తనే మెట్లు దిగాడు.